అమెరికా ప్లాస్టిక్ మోడల్ కిట్లు: నాణ్యతలో హెచ్చుతగ్గులు

విమానం, ఓడ, కారు, ట్యాంకు, రాకెట్ వంటి అసలు వస్తువును ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌లో విడిభాగాలుగా పోతపోసి, కొన్నవాళ్ళే అతికించి రంగులు వేసుకునేలా పెట్టెలో అమ్మితే దాన్ని ప్లాస్టిక్ స్కేలు మోడల్ కిట్ అంటారు. 1/48 స్కేలు అంటే అసలు వస్తువులో 48 అంగుళాలు మోడల్‌లో ఒక అంగుళం అవుతాయి. అమెరికాలో ఈ పరిశ్రమ రెండో ప్రపంచయుద్ధం ముగియగానే మొదలైంది. 1950, 60 దశకాల్లో ఊరూరా మందుల షాపుల్లో కూడా దొరికేంతగా విస్తరించింది. ఆ తర్వాత కంపెనీలు ఒకదాన్నొకటి మింగుతూ వచ్చాయి.

ఈ కిట్లు కొనేవాళ్ళను మొదటినుంచీ వేధించే సమస్య ఒకటుంది. ఒకే కంపెనీ పేరుతో, దాదాపు ఒకే ధరకు దొరికే రెండు పెట్టెల్లో ఒకటి చేతిలో పెట్టగానే కుదిరిపోతుంది. రెండోది పుట్టీ, గరుకు కాగితం లేనిదే ఒక్క అతుకు కూడా దాటనివ్వదు. పెట్టె మీది బొమ్మ, పేరు ఈ తేడాను చెప్పవు. కిట్ నాణ్యత అచ్చులో ఉంటుంది. ఆ అచ్చును ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ ఆధారాలతో చెక్కారు, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్నలకు జవాబు తెలిస్తే పెట్టె తెరవకుండానే లోపలి సంగతి చాలావరకు చెప్పవచ్చు.

అచ్చు, దాని పరిమితులు

పాలిస్టైరీన్ గుళికలను 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరిగించి, బిగించి మూసిన రెండు లోహపు పలకల మధ్య తొలిచిన ఖాళీల్లోకి అధిక పీడనంతో ఎక్కిస్తారు. క్షణాల్లో అది చల్లారి గట్టిపడుతుంది. పలకలు విడిపోగానే చిన్న ఉక్కు పిన్నులు వెనకనుంచి తోసి భాగాలను బయటకు రాలుస్తాయి. భాగాలన్నీ ప్లాస్టిక్ కాడల చట్రానికి అంటుకునే వస్తాయి. మోడలర్లు దాన్ని స్ప్రూ అంటారు.

కిట్లలో కనిపించే లోపాలు చాలావరకు ఈ పద్ధతిలోంచే పుడతాయి. పలకల అంచులు అరిగిపోతే సందులోంచి ప్లాస్టిక్ కారి, భాగం చుట్టూ పలచని పొరలా మిగులుతుంది. ఇది ఫ్లాష్. అచ్చు ముసలిదయిందని చెప్పే మొదటి గుర్తు ఇదే. పాలిస్టైరీన్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుపోతుంది. భాగం ఒకచోట మరీ మందంగా ఉంటే లోపలి ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి పైపొరను లోపలికి లాగుతుంది, అక్కడ గుంట పడుతుంది. తోసే పిన్నులు గుండ్రటి మచ్చలు వదులుతాయి. అనుభవమున్న డిజైనర్ వాటిని రెక్క లోపలివైపో, సీటు కిందో పెడతాడు. శ్రద్ధ లేనివాడి కిట్‌లో అవి చక్రం గూటి నడిమధ్యే కనిపిస్తాయి. రెండు పలకలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా తుపాకీ గొట్టం, చక్రపు కాలు వంటి గుండ్రటి భాగాల మీద మెట్టు ఏర్పడుతుంది. మెట్టును గీకితే గుండ్రదనం పోతుంది, గీకకపోతే మెట్టు కనిపిస్తుంది.

మరో పరిమితి కంటికి వెంటనే అందదు. భాగం అచ్చులోంచి తిన్నగా ఊడిరావాలి కాబట్టి పక్కగోడల మీద లోతైన చెక్కుడు పని కుదరదు. విమానం దేహాన్ని కుడి ఎడమ సగాలుగా పోస్తే నడి భాగంలో గీతలు స్పష్టంగా ఉంటాయి, పైకీ కిందికీ పోయేకొద్దీ మాసిపోతాయి. ఈ ఇబ్బందిని దాటడానికి పక్కలనుంచి కూడా కదిలే అచ్చులు తర్వాత వచ్చాయి. వాటి ఖర్చు ఎక్కువ.

పాత అమెరికన్ విమాన కిట్ల మీద రేకుల అతుకుల గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇది నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు, కానీ దీనికి పనితనపు కారణం ఉంది. అచ్చు అసలు రూపానికి తలకిందులు. అచ్చు లోహంలో సన్నగా ఒక గీత గీస్తే ప్లాస్టిక్ మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది, పనివాడికి తేలిక. ప్లాస్టిక్ మీద లోతు గీత కావాలంటే లోహంలో గీత చుట్టూ ఉన్నదంతా తొలిచి, గీతను మాత్రం గట్టులా నిలపాలి. చేతిపనిగా అది చాలా కష్టం. విద్యుత్ స్పార్కులతో లోహాన్ని తొలిచే యంత్రాలు, ఆపైన కంప్యూటర్ డిజైన్ వ్యాపించాక ఈ కష్టం తీరింది. ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు విమానం మీద రెండు మిల్లీమీటర్ల సందు 1/48 స్కేలులో 0.04 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఉబ్బెత్తు గీతా, లోతు గీతా రెండూ అతిశయోక్తులే. లోతు గీత రంగు పట్టి కంటికి ఇంపుగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని నాణ్యతకు గుర్తుగా పట్టుకున్నాం. ఆ ఒక్కటీ చూసి పాత కిట్‌ను తోసిపుచ్చడం న్యాయం కాదు.

తొలి దశాబ్దం

బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 1936లోనే పెంగ్విన్ పేరుతో 1/72 స్కేలు ప్లాస్టిక్ విమానాలు అమ్మింది. అమెరికాలో ఈ స్కేలుకు యుద్ధం ఊతమిచ్చింది. మిత్ర, శత్రు విమానాలను గుర్తుపట్టే శిక్షణ కోసం 1942లో నౌకాదళం హైస్కూలు పిల్లల చేత 1/72 స్కేలు చెక్క నమూనాలు చేయించింది. చికాగోలోని క్రూవర్ కంపెనీ అటువంటివే ప్లాస్టిక్‌లో పోసింది. అవి అతికించేవి కావు. వాటి అసలు ప్రయోజనం ఆకారం. నీడను చూసి పోల్చుకోగలిగేంత కచ్చితంగా ఉంటే చాలు.

చికాగోలోనే మేట్స్ సోదరుల హాక్ కంపెనీ 1946లో కర్టిస్ రేసు విమానంతో ప్లాస్టిక్ కిట్లలోకి దిగింది. 1950లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టి తర్వాత లాంగ్ ఐలండ్‌లోని వెస్ట్ హెంప్‌స్టెడ్‌కు మారిన అరోరా, తన తొలి విమానాలను హాక్ కిట్ల నుంచే నకలు చేసింది. అరోరా కిట్లలో భాగాలు తక్కువ, ధర తక్కువ. దేశపు గుర్తులు ఎక్కడ అతికించాలో తెలియడానికి వాటి అంచులను ప్లాస్టిక్ మీదే ఉబ్బెత్తుగా పోసేవారు. రంగు వేసే ముందు వాటిని గీకి తీసేయడమే పెద్ద పని. సోవియట్ విమానాల విషయంలో ఊహే ఆధారం. మిగ్-19 పేరుతో ఆ కాలంలో అమ్మిన మోడల్‌కు అసలు మిగ్-19తో పోలిక లేదు. కానీ అదే కంపెనీ 1961 నుంచి తెచ్చిన ఫ్రాంకెన్‌స్టయిన్ వంటి సినిమా భూతాల బొమ్మల్లో శిల్పుల పనితనం నిజంగా గొప్పది. అరోరా విమానాలు చూసి అరోరా మొత్తాన్ని కొట్టిపారేసినవారు ఆ బొమ్మలను చూసి మాట మార్చుకోవాల్సిందే.

కాలిఫోర్నియాలో లూయిస్ గ్లేజర్ స్థాపించిన రెవెల్ 1953లో యుద్ధనౌక మిస్సోరీ కిట్‌తో దేశమంతా పేరు తెచ్చుకుంది. దాని స్కేలు 1/535. ఇంత విచిత్రమైన అంకె ఎందుకంటే అప్పట్లో పెట్టె కొలత ముందు, మోడల్ కొలత తర్వాత. 270 మీటర్ల ఓడ అరమీటరు పెట్టెలో పట్టాలి. ఇలా ప్రతి కిట్‌కూ ఒక సొంత స్కేలు ఏర్పడింది, ఒక ఓడ పక్కన మరొకటి పెట్టి పోల్చుకునే వీలు పోయింది. స్థిరమైన స్కేళ్ళు కావాలన్న కోరిక బలపడేసరికి పదేళ్ళు పట్టింది.

రెవెల్ పనితనం మాత్రం తొందరగా పైకెక్కింది. అణు జలాంతర్గామి జార్జ్ వాషింగ్టన్ లోపలి గదులతో సహా చూపించిన దాని కిట్‌పై 1961లో అడ్మిరల్ రికోవర్ కాంగ్రెస్ సంఘం ముందే అభ్యంతరం చెప్పాడు. కోట్లు పోసి సాధించిన సమాచారం సోవియట్లకు 2.98 డాలర్లకు దొరుకుతోందని ఆయన వాదన. మోడల్ కిట్ నాణ్యతకు అంతకు మించిన యోగ్యతా పత్రం మరొకటి లేదు. 1/96 స్కేలులో ఇదే కంపెనీ తెచ్చిన తెరచాప ఓడలు, ముఖ్యంగా కటీ సార్క్, కాన్‌స్టిట్యూషన్, ఇప్పటికీ కట్టేవాళ్ళున్నారు.

డెట్రాయిట్ కార్లు

కార్ల కిట్ల కథ వేరు. డెట్రాయిట్‌లో 1948లో మొదలైన ఏఎంటీ మొదట్లో షోరూముల కోసం ప్రచార నమూనాలు చేసేది. కారు కంపెనీలే తమ డ్రాయింగులు ఇచ్చేవి. అందుకే బాడీ ఆకారం, మెరుపు పట్టీలు, గ్రిల్లు అంత కచ్చితంగా ఉండేవి. తొలి నమూనాలను సెల్యులోజ్ అసిటేట్‌తో పోసేవారు. ఆ ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ వంగిపోతుంది. ఇప్పుడు దొరికే పాత నమూనాల్లో నడుము వంగనివి తక్కువ. 1958లో ఏఎంటీ తెచ్చిన ‘త్రీ ఇన్ వన్’ కిట్లతో ఒకే పెట్టెలోంచి మామూలు కారు, సొంత హంగుల కారు, రేసు కారు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు.

ఈ కిట్లలో పైన కనిపించేదానికీ కింద దాగేదానికీ పొంతన ఉండదు. బాడీ చూస్తే ముచ్చటేస్తుంది. తిప్పి చూస్తే చాసిస్ మీద ఎగ్జాస్ట్ గొట్టం, డ్రైవ్ షాఫ్ట్ అన్నీ ఒకే పలకలో ఉబ్బెత్తు గుర్తులుగా పోసి ఉంటాయి. ముందు చక్రాలను కలిపే లోహపు ఇరుసు ఇంజిన్ దిమ్మెలోంచే దూసుకుపోతుంది. దానికోసం ఇంజిన్‌కు అడ్డంగా ఒక రంధ్రం! ఇది మతిమరుపు వల్ల వచ్చింది కాదు. పిల్లవాడు నేలమీద దొర్లించి ఆడుకున్నా చక్రాలు ఊడకూడదన్న నిర్ణయం అది. తర్వాతి తరం మోడలర్లు బొమ్మగా వాడటం మానేసి అసలు కారుకు నకలు కావాలన్నప్పుడే అది లోపంగా కనిపించింది.

ఈ రంగానికి ఇంకా పెద్ద నష్టం చేసింది ఏటేటా మారే మోడళ్ళు. కొత్త సంవత్సరపు కారు రాగానే పాత అచ్చునే తొలిచి, అతికి, కొత్త రూపానికి మార్చేవారు. చివరికి దాన్నే రేసు కారుగా మార్చి అమ్మేవారు. ఆ కార్లు షోరూములో ఉన్న తీరులో ఆ అచ్చులనుంచి నేరుగా ఇక రావు, ఆ రూపాన్ని పోసిన ఉక్కే మిగల్లేదు. జో-హాన్ కంపెనీ, 1960లలో మిషిగాన్‌లోనే పుట్టిన ఎంపీసీ కూడా ఇదే దారిలో నడిచాయి.

ఏఎంటీ 1966లో తెచ్చిన స్టార్ ట్రెక్ అంతరిక్షనౌక ఎంటర్‌ప్రైజ్ అతుకుల బలం చాలని కిట్‌కు ఒక ఉదాహరణగా నిలిచిపోయింది. పొడుగాటి రెండు ఇంజిన్ గొట్టాలను మోసే సన్నటి కొమ్మలకు పట్టు చాలదు, కట్టిన కొన్నాళ్ళకు గొట్టాలు వాలిపోతాయి. అయినా ఆ కిట్ దశాబ్దాల తరబడి మళ్ళీ మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది.

మోనోగ్రామ్ పనితనం

అమెరికన్ కిట్ల నాణ్యతకు శిఖరం ఏది అంటే మోనోగ్రామ్ అనే చెప్పాలి. 1945లో చికాగోలో జాక్ బెసర్, రాబర్ట్ రేడర్ బాల్సా చెక్క కిట్లతో మొదలుపెట్టిన ఈ సంస్థ తర్వాత పక్కనున్న మోర్టన్ గ్రోవ్‌లో స్థిరపడింది. 1960లలో చక్రాలు మడిచేవి, రెక్కలు ముడిచేవి, బాంబు జారవిడిచేవి అంటూ కదిలే భాగాలతో పిల్లలను ఆకట్టుకుంది. కదలిక కోసం వేసిన కీళ్ళు అందాన్ని కొంత పాడుచేసేవి. 1970లలో దృష్టి మారింది. 1/48 స్కేలులో బి-17జి, బి-24జె, బి-29 బాంబర్లు వరసగా వచ్చాయి. బి-29 రెక్కల పొడవు కొసనుంచి కొసకు ఈ స్కేలులోనే దాదాపు 90 సెంటీమీటర్లు. అంత పెద్ద ముక్కలను వంకర లేకుండా పోయడమే సాహసం. యుద్ధం తర్వాత కాన్పూరులో వదిలేసిన విమానాలను బెంగళూరు హెచ్ఏఎల్ బాగుచేస్తే మన వాయుసేన 1968 దాకా నడిపిన లిబరేటర్లు బి-24 రకానివే. వాటిని చేసుకోవాలనుకున్నవారికీ చాలాకాలం ఈ కిట్టే దిక్కు.

ఆ తర్వాతి ఏళ్ళలో ఎఫ్-100 నుంచి ఎఫ్-106 దాకా జెట్ విమానాల వరస కూడా ఇదే స్కేలులో తెచ్చింది. ఈ కిట్లలో గీతలు ఉబ్బెత్తే, గుర్తుల స్టిక్కర్లు (డెకాళ్ళు) మందం, రెక్క మొదలు దగ్గర పుట్టీ తప్పదు. అయినా ముక్కు వంపు, తోక ఎత్తు, కాక్‌పిట్ లోపలి మీటలు, గూళ్ళలోని పైపులు చూస్తే అసలు విమానం ఎదుట నిలబడి కొలతలు తీసుకున్నవాళ్ళు చెక్కారని తెలుస్తుంది. ముందు పెద్ద కొలతలో నమూనా చెక్కి, దాని మీద పాంటోగ్రాఫ్ పుల్లను నడుపుతూ చిన్నదిగా లోహంలోకి దించే రోజులవి. ఆకారం చెక్కేవాడి కంటిలో ఉండాలి. ఆ కన్ను మోర్టన్ గ్రోవ్‌లో ఉంది.

చికాగోకు చెందిన మోడలర్ షెపర్డ్ పెయిన్ కట్టిన దృశ్యాల ఫొటోలతో, కట్టే కిటుకులతో ఒక కాగితం మోనోగ్రామ్ పెట్టెల్లో వచ్చేది. కూలిన బాంబరు, చుట్టూ మనుషులు, మట్టి, పాత రంగు. ప్లాస్టిక్ బొమ్మతో కథ చెప్పవచ్చని ఒక తరం మొత్తానికి నేర్పింది ఆ కాగితమే. మంచి కిట్ అంటే మంచి ప్లాస్టిక్ మాత్రమే కాదని, కట్టేవాడి ఊహను లేపగలగాలని మోనోగ్రామ్‌కు తెలుసు.

చేతులు మారిన అచ్చులు

1973 చమురు సంక్షోభం ప్లాస్టిక్ ధర పెంచింది. పిల్లల తీరిక వీడియో గేముల వైపు మళ్ళింది. జపాన్‌లోని షిజువోకా నుంచి తమియా, హసెగావా కిట్లు లోతు గీతలతో, అతుకు కనబడని ఫిట్‌తో వచ్చి పోటీ పెంచాయి.

హాక్ 1970లో టెస్టర్స్ కంపెనీ చేతికి వెళ్ళింది. అరోరా అచ్చులను 1977లో మోనోగ్రామ్ కొంది. వాటిని ఇల్లినాయ్‌కు తరలిస్తుండగా రైలు పట్టాలు తప్పి కొన్ని పాడైపోయాయి. 1986లో రెవెల్, మోనోగ్రామ్ ఒక్కటయ్యాయి, 2007లో హాబికో అనే కంపెనీ వాటిని కొంది, 2018లో హాబికో దివాలా తీసింది. రెవెల్ పేరు జర్మన్ యాజమాన్యానికి వెళ్ళింది. పాత రెవెల్, మోనోగ్రామ్, అరోరా అచ్చుల్లో చాలావాటిని లాంగ్ ఐలండ్‌లోనే ఉన్న అట్లాంటిస్ అనే చిన్న కంపెనీ తీసుకుని మళ్ళీ అమెరికాలోనే పోస్తోంది. ఏఎంటీ, ఎంపీసీ పేర్లు ఇండియానాలోని సౌత్ బెండ్‌కు చెందిన రౌండ్ 2 దగ్గరికి చేరాయి.

దీని ఫలితం కొనేవాడి మీద పడుతుంది. ఈరోజు రెవెల్ పెట్టెలో 1950ల రెవెల్ ప్లాస్టిక్ ఉండొచ్చు, 1970ల మోనోగ్రామ్ ప్లాస్టిక్ ఉండొచ్చు, జర్మనీలో ఈమధ్య కంప్యూటర్‌పై గీసిన కొత్త కిట్ ఉండొచ్చు. హసెగావా, జ్వెజ్డా, ఐసీఎం వంటి ఇతర కంపెనీల ప్లాస్టిక్‌నే పెట్టె మార్చి పెట్టి ఉండొచ్చు కూడా. టెస్టర్స్ కూడా ఇటలీ కంపెనీ ఇటలేరి కిట్లను తన పెట్టెల్లో అమ్మింది. పెట్టె మీద కొత్తగా వేసిన బొమ్మ, మెరిసే ముద్రణ లోపలి వయసును దాచేస్తాయి. రెక్క లోపలివైపో, స్ప్రూ కాడ మీదో పోసిన కాపీరైట్ సంవత్సరం ఉంటే అదే నమ్మదగిన సాక్ష్యం.

ముసలి అచ్చులన్నీ ఒకేలా ముసలివి కావు. కొన్నిటిని నూనె రాసి భద్రపరిచారు, కొన్ని తుప్పు పట్టాయి. ఒకే కిట్ 1976 ముద్రణలో శుభ్రంగా, ఇరవై ఏళ్ళ తర్వాతి ముద్రణలో అంచుల నిండా పొరతో రావడం సాధారణం. చివరి ముద్రణలో ప్లాస్టిక్ పాడైనా డెకాళ్ళు మాత్రం బాగుపడటం కూడా తరచూ చూస్తాం.

పోలిక, కుదురు

నాణ్యత అనే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. అసలు వస్తువును ఎంతగా పోలింది అన్నది ఒకటి, భాగాలు ఎంత చక్కగా కుదిరాయి అన్నది రెండోది. టెస్టర్స్ 1986లో తెచ్చిన ఎఫ్-19 స్టెల్త్ (రాడార్‌కు చిక్కని) విమానం ఈ తేడాను ఎవరికైనా విడమరచి చెబుతుంది. అప్పటికి స్టెల్త్ యుద్ధ విమానం ఉందన్నదే రహస్యం. డిజైనర్ జాన్ ఆండ్రూస్ రాడార్ సిద్ధాంతాలను బట్టి గుండ్రటి అంచుల నల్లటి విమానాన్ని ఊహించాడు. కాంగ్రెస్‌లో గొడవైంది, కిట్ విపరీతంగా అమ్ముడుపోయింది. 1988 నవంబరులో వాయుసేన అసలు ఎఫ్-117 ఫొటో బయటపెట్టింది. అది అద్దం ముక్కలు అతికినట్టు కోణాలే కోణాలు, ఎఫ్-19తో సంబంధమే లేదు. కిట్‌గా అది బాగా కుదిరిన కిట్. పోలిక లెక్కన చూస్తే పూర్తిగా కల్పితం.

1964లో డల్లాస్‌లో మొదలైన అంతర్జాతీయ ప్లాస్టిక్ మోడలర్ల సంఘం అమెరికా శాఖ తన పోటీల్లో కట్టుబడికి మొదటి స్థానం ఇస్తుంది. అతుకు కనిపిస్తోందా, రెక్కలు సమానంగా ఉన్నాయా, రంగు సాపుగా ఉందా అన్నవే మొదట చూస్తారు. ముక్కు ఒక మిల్లీమీటరు పొట్టిదన్న ఫిర్యాదు ఆ బల్ల దగ్గర నిలవదు. ఇది మంచి సంప్రదాయం. కిట్ పుట్టుకలో వచ్చిన లోపానికి కట్టినవాణ్ణి శిక్షించకూడదు.

1990లలో నార్త్ కరోలినాలోని అక్యూరేట్ మినియేచర్స్ పోలిక, కుదురు అనే ఈ రెండు గుణాలనూ అమెరికన్ కిట్‌లో ఒకచోటికి తెచ్చింది. ఆలిసన్ ఇంజిన్ మస్టాంగ్, అవెంజర్, డాంట్‌లెస్ విమానాల్లో లోతు గీతలు, నిండైన కాక్‌పిట్, నమ్మదగిన ఆకారం. భాగాలను చెప్పిన వరసలో కాక తోచినట్టు అతికిస్తే మాత్రం కాక్‌పిట్ దగ్గర దారి మూసుకుపోతుంది, సూచనల పుస్తకం చదవక తప్పదు. ఆ అచ్చుల ప్లాస్టిక్ తర్వాత అకాడమీ, ఇటలేరి పెట్టెల్లో కూడా వచ్చింది.

స్టార్ వార్స్ కిట్లలో ఈ ప్రయాణం ఒక్క చూపులో తెలుస్తుంది. 1977లో ఎంపీసీ తెచ్చిన ఎక్స్-వింగ్ ముక్కు సినిమాలోని దానిలా లేదు. భాగాలు మొద్దుగా ఉండేవి. 2014 నుంచి జపాన్ కంపెనీ బండై అదే నౌకను జిగురు లేకుండా నొక్కితే బిగిసేలా, రంగు రంగుల ప్లాస్టిక్‌లో, సినిమా నమూనాను దగ్గర పెట్టుకుని చెక్కినంత నిఖార్సుగా తెచ్చింది. ఇప్పుడు చెక్, చైనా కంపెనీలు కూడా ఆ స్థాయిలోనే పోటీపడుతున్నాయి.

అమెరికాలో మిగిలిన పని ఎక్కువగా పాత అచ్చులను నిలబెట్టుకోవడమే. అచ్చు పోయినచోట విప్పని పాత కిట్‌నే ఆధారంగా తీసుకుని కొత్త అచ్చు చేస్తున్నారు. సౌత్ బెండ్‌లోనే పోలార్ లైట్స్ 1990లలో అరోరా భూతాల ఇంటి కిట్‌ను ఇలాగే తిరిగి పుట్టించింది. రేసు కార్లుగా మారిపోయిన ఏఎంటీ కార్లలో కొన్నిటికి రౌండ్ 2 పాత బంపర్లు, గ్రిల్లులు, సీట్లు కొత్తగా చెక్కించి జత చేస్తోంది. ఇంజిన్‌లో ఇరుసు రంధ్రాన్ని కొన్నిచోట్ల పూడ్చారు. కొన్నిచోట్ల పాత కిట్ అలాగే కావాలనే కొనేవారి కోసం వదిలేశారు.